ఒక రిపోర్టు ఎన్ని చేతులు మారుతుంది: బెంగళూరు ఆసుపత్రులకూ వాటి వెండర్లకూ రోగి గోప్యతపై సమగ్ర మార్గదర్శి

కొన్నేళ్ల కిందట బెంగళూరులో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌కి రికార్డుల పని చూసిపెట్టేవాణ్ణి. వాళ్లు పాత స్కానింగ్ మెషిన్ ఇచ్చేసి కొత్తది తీసుకున్నారు. లింగ నిర్ధారణ నిషేధ చట్టం ఉంది కాబట్టి, మెషిన్ ఎవరికి పోతోందో అధికారులకు కాగితం పెట్టాం, ముద్ర వేయించుకున్నాం. మెషిన్ లోపల ఏముందో మాత్రం ఒక్కరమూ చూడలేదు. నాలుగు రోజులకు ఏజెన్సీ కుర్రాడు ఫోన్ చేశాడు. "సార్, ఇందులో పేషెంట్ల పేర్లు, బొమ్మలు అట్లే ఉన్నాయి. తుడిచేయమంటారా?"

కొన్నేళ్లపాటు అక్కడికి వచ్చిన గర్భిణుల పేర్లు, వయసులు, ఎన్నో నెల, బిడ్డ ఎదుగుదలలో తేడాలు అన్నీ ఉన్నాయి. ఆ కుర్రాడు అడిగాడు కాబట్టి బతికిపోయాం.

అప్పటి నుంచి లెక్క పెడుతున్నా. రోగుల సంగతులు బయటికి పోయిన సందర్భాల్లో నేను కళ్లారా చూసినవాటిలో హ్యాకర్ ఒక్కడూ లేడు. అన్నీ మనం డబ్బిచ్చి పిలిపించుకున్నవాళ్ల చేతుల్లోంచే పోయాయి. సాఫ్ట్‌వేర్ వాడు, శాంపిళ్లు తీసుకెళ్లే కుర్రాడు, కంప్యూటర్లు బాగుచేసేవాడు, పాత పేపర్లు కొనేవాడు. వాళ్లలో చెడ్డవాళ్లు తక్కువే. ఏం చేయకూడదో వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇరవై నుంచి యాభై పడకల నర్సింగ్ హోమ్‌లు, ల్యాబులు, పళ్ల క్లినిక్కులు నడిపేవాళ్లనూ, వాటికి సర్వీసులు అమ్మేవాళ్లనూ దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రులకు లాయర్లుంటారు. మీకు ఉండేది ఒక మేనేజరు, ఒక అకౌంటెంటు, అన్నీ తెలిసిన ఒక హెడ్ నర్సు.

మొదటి పని: ఒక్క రిపోర్టు వెంట నడవండి

చట్టం పుస్తకం తర్వాత తెరవచ్చు. ముందు ఒక తెల్లకాగితం, పెన్ను తీసుకోండి. నిన్న వచ్చిన ఒక రోగిని ఎంచుకోండి. హిందూపురం నుంచి పొద్దున రైల్లో వచ్చిన ఒక పెద్దావిడ అనుకుందాం, షుగరు పరీక్ష కోసం. ఆవిడ పేరు మీ గుమ్మం దాటినప్పటి నుంచి ఎవరెవరి చేతుల్లో పడిందో వరుసగా రాయండి.

రిసెప్షన్ అమ్మాయి పేరు, ఫోన్ నంబరు టైపు చేసింది. అది ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ కంపెనీ సర్వర్లోకి పోయింది. ఆ సర్వర్ ఇంకో క్లౌడ్ కంపెనీది. రక్తం తీసిన అబ్బాయి గొట్టం మీద పేరు రాశాడు. ఆ పరీక్ష మీ దగ్గర లేదు కాబట్టి బయటి ల్యాబు కుర్రాడు బైకు మీద తీసుకెళ్లాడు. రిపోర్టు పీడీఎఫ్‌గా ల్యాబు నుంచి మీ వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. ఆ గ్రూపులో ఎంతమంది ఉన్నారో చూడండి. రెండేళ్ల కిందట ఉద్యోగం మానేసిన ఫార్మసిస్టు ఇంకా అందులోనే ఉంటాడు, పందెం. అక్కడి నుంచి డాక్టరు ఫోన్‌కి, రోగి అల్లుడి ఫోన్‌కి. ఇన్సూరెన్స్ ఉంటే టీపీఏ (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) పోర్టల్లోకి. "మీ అపాయింట్‌మెంట్ రేపు" అని మెసేజీ పంపే ఎస్సెమ్మెస్ కంపెనీకి. బిల్లు ఆడిటరు ఆఫీసుకి. ఫైలు జిరాక్స్ తీసిన అద్దె మెషిన్‌కి, ఎందుకంటే చాలా పెద్ద జిరాక్స్ మెషిన్లలో హార్డ్ డిస్కు ఉంటుంది, తీసిన ప్రతి కాగితం బొమ్మా అందులో మిగలొచ్చు.

నేను ఈ లెక్క చేయించిన చోటల్లా పది చేతులకు తగ్గలేదు. యజమానులు ముందు నాలుగో ఐదో అంటారు.

ఇందులో ఈమధ్య కొత్తగా చేరిన చేయి ఒకటుంది. డిశ్చార్జ్ సమ్మరీ త్వరగా రాయడానికి జూనియర్ డాక్టర్లు కేస్ షీట్ మొత్తం కాపీ చేసి ఏదో ఉచిత ఏఐ చాట్‌బాట్‌లో వేస్తున్నారు. అంటే మీతో ఒప్పందం లేని, మీకు పేరు కూడా తెలియని వెండరు ఒకడు మీ ఐసీయూలో కూర్చున్నాడన్నమాట. తిట్టి లాభం లేదు, వాళ్లకు నిద్రే ఉండదు. పేరు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు, ఫోన్, ఊరు తీసేయకుండా ఏదీ బయట అతికించకూడదని రాతపూర్వకంగా చెప్పండి. వీలైతే ఒప్పందం ఉన్న టూల్ ఒకటి కొనివ్వండి.

రెండో పని: ఏ చట్టం ఎక్కడ పట్టుకుంటుందో తెలుసుకోండి

గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. ఆ కేసు వేసిన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ జడ్జి, మన బెంగళూరు పెద్దాయనే. తర్వాత వచ్చిన చట్టాలన్నీ ఆ తీర్పు నీడలోనే ఉన్నాయి.

డాక్టరు నోరు విప్పకూడదన్న నియమం అంతకంటే చాలా పాతది. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ వృత్తి నియమావళి ప్రకారం రోగి రహస్యం మూడు సందర్భాల్లోనే బయటపెట్టవచ్చు: కోర్టులో జడ్జి ఆదేశిస్తే, ఫలానా వ్యక్తికో సమాజానికో తీవ్రమైన ప్రమాదం ఉందని గుర్తిస్తే, ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బు అయితే. టీబీ సంగతి ప్రభుత్వ నిక్షయ్ పోర్టల్లో ఎక్కించడం మూడోదాని కిందికి వస్తుంది. దానికి రోగి ఒప్పుకోలు అక్కర్లేదు. అలాగని ఆ సంగతి రోగి పనిచేసే ఆఫీసు మేనేజరుకు చెప్పే హక్కు రాదు.

డిజిటల్ సమాచారానికి 2011 నాటి ఐటీ నియమాలు ఉన్నాయి. అవి శారీరక, మానసిక ఆరోగ్య పరిస్థితినీ వైద్య రికార్డులనూ సున్నితమైన సమాచారంగా లెక్కగట్టాయి. వాటి స్థానంలోకి వస్తున్నది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం. అందరూ డీపీడీపీ అంటున్నారు, నేనూ అలాగే అంటాను. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు, అంటే 2027 మేలో అవి పూర్తిగా మీద పడతాయి. "ఇంకా టైముంది కదా" అనేవాళ్లకు నా జవాబు ఒక్కటే: వెండర్లతో ఒప్పందాలు తిరగరాయడానికే ఏడాది పడుతుంది.

డీపీడీపీలో రెండు పాత్రలు గుర్తుపెట్టుకుంటే సగం చట్టం వచ్చేసినట్టే. సమాచారం ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించేవాళ్లు ఫిడ్యూషియరీ, అంటే మీ ఆసుపత్రి. మీ తరఫున దాన్ని వాడేవాళ్లు ప్రాసెసర్, అంటే మీ వెండరు. ఎనిమిదో సెక్షన్ చెప్పేదేంటంటే, ఒప్పందంలో ఏం రాసుకున్నా సరే, వెండరు చేసిన పనికీ జవాబుదారీ ఫిడ్యూషియరీయే. తగిన భద్రత పెట్టకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా పోవచ్చు. లీకైన సంగతి ఈ చట్టం కింద ఫిర్యాదులు చూసే డేటా ప్రొటెక్షన్ బోర్డుకూ రోగులకూ చెప్పకపోతే 200 కోట్ల దాకా. ఇవి గరిష్ఠ పరిమితులు. ముప్పై పడకల ఆసుపత్రికి అంత వేస్తారని ఎవరూ అనరు. అందులో వెయ్యో వంతు వేసినా చాలామంది షట్టరు దించుకోవాల్సిందే.

కొన్ని జబ్బులకు ప్రత్యేక చట్టాలున్నాయి, ఇవి ఇప్పటికే అమలులో ఉన్నాయి. హెచ్ఐవీ-ఎయిడ్స్ చట్టం 2017 ప్రకారం ఆ సంగతి బయటపెట్టాలంటే మామూలుగా రాతపూర్వక సమ్మతి కావాలి. మంచానికి ఎర్ర స్టిక్కరు, ఫైలు అట్ట మీద పెద్దక్షరాలు లాంటి అలవాట్లు ఇంకా ఉన్నాయి. ఇవాళే తీసేయండి. రక్తంతో జాగ్రత్త ప్రతి రోగి విషయంలోనూ ఒకటే ఉండాలి. మానసిక ఆరోగ్య చట్టం 2017 అయితే రోగి ఫొటోగానీ వివరంగానీ సమ్మతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదంటుంది. గర్భస్రావం చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం ఆ మహిళ పేరు, వివరాలు చట్టం అనుమతించినవాళ్లకు తప్ప చెప్పకూడదు, చెబితే జైలు శిక్ష ఉంది.

మూడో పని: అడిగేది ఆవిడకు అర్థమయ్యే భాషలో అడగండి

డీపీడీపీ ప్రకారం నోటీసు ఇంగ్లీషులోగానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో దేనిలోగానీ చదువుకునే వీలు రోగికి ఉండాలి. బెంగళూరు ఆసుపత్రుల్లో ఇంగ్లీషు, కన్నడ కాగితాలుంటాయి. మారతహళ్లి, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ ఓపీల్లో కూర్చుని చూడండి, వినిపించేది తెలుగు. అనంతపురం, కదిరి, మదనపల్లె నుంచి నేరుగా ఇక్కడికే వస్తారు. వాళ్ల చేత ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర వేయించుకుని దాన్ని సమ్మతి అనడం మనకే సిగ్గు.

తెలుగు నోటీసు ఇంత చాలు:

"మీ పేరు, ఫోన్ నంబరు, జబ్బు వివరాలు మీ వైద్యం కోసం, బిల్లు కోసం రాసుకుంటున్నాం. పరీక్ష కోసం మీ రక్తం, పేరు బయటి ల్యాబుకు పంపుతాం. ఇన్సూరెన్స్ వాడుకుంటే ఆ కంపెనీకి కాగితాలు పంపుతాం. రిపోర్టు మీరు చెప్పిన నంబరుకే పంపుతాం. మీ రికార్డు చూడాలన్నా, తప్పు దిద్దించాలన్నా, ఇచ్చిన సమ్మతి వెనక్కి తీసుకోవాలన్నా ఈ నంబరుకు ఫోన్ చేయండి. మా జవాబు మీకు నచ్చకపోతే డేటా ప్రొటెక్షన్ బోర్డుకు ఫిర్యాదు చేయవచ్చు."

వైద్యం తప్ప వేరే దేనికైనా వాడుకోవాలంటే విడిగా అడగాలి. చట్టంలోనే రెండు చక్కని ఉదాహరణలున్నాయి. మందుల షాపులో కొన్నవాళ్లు రసీదు కోసం ఫోన్ నంబరు ఇస్తే దాన్ని రసీదు పంపడానికి వాడొచ్చు. టెలిమెడిసిన్ యాప్ ఫోన్లోని కాంటాక్టు లిస్టు కూడా అడిగి, రోగి సరేనన్నా, వైద్యానికి అది అక్కర్లేదు కాబట్టి ఆ సమ్మతి చెల్లదు. ఈ రెండూ చదివాక మీ పీఆర్వో పంపే పండగ ఆఫర్ల మెసేజీ ఎక్కడ నిలబడుతుందో మీరే చూసుకోండి.

ప్రాణం మీదికొచ్చినప్పుడు సమ్మతి కోసం ఆగక్కర్లేదు, చట్టం ఆ వెసులుబాటు ఇచ్చింది. పిల్లల విషయంలో 18 ఏళ్లలోపు వారికి తల్లిదండ్రుల సమ్మతి నిర్ధారించుకోవాలన్న నియమం నుంచి వైద్యానికి అవసరమైనంత మేరకు ఆసుపత్రులకు మినహాయింపు ఉంది. వైద్యానికి మాత్రమే. పుట్టిన బిడ్డల ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడానికి లేదు.

నాలుగో పని: రిసెప్షన్, ఆ ఫోన్ నంబరు

నా అనుభవంలో ఎక్కువ కాపురాల్లో చిచ్చు పెట్టింది ఈ గడే. రిజిస్ట్రేషన్‌లో "మొబైల్ నంబరు" అని ఉంటుంది. ఊరి నుంచి వచ్చినావిడ "మా అల్లుని నంబరు రాసుకోమ్మా, నాకు ఫోన్ వాడేకి రాదు" అంటుంది. అల్లుడు ఐటీ కంపెనీలో పనిచేస్తుంటాడు, అపాయింట్‌మెంట్ ఆయనే తీశాడు, ఆయన నంబరే పడుతుంది. ఇక అక్కడి నుంచి ఆవిడ గర్భసంచి బయాప్సీ రిపోర్టు, కూతురు పెళ్లికి ముందు చేయించుకున్న పరీక్ష, అన్నీ ఆ నంబరుకే. ఎవరూ తప్పు చేయలేదు. సాఫ్ట్‌వేర్ తన పని తాను చేసింది.

దీనికి మందు చిన్నదే. ఒక గడి ఉన్నచోట మూడు పెట్టండి. ఈ నంబరు ఎవరిది? దీనికి రిపోర్టు పంపవచ్చా, అపాయింట్‌మెంట్ సంగతి వరకేనా? ఫలానా రిపోర్టులు చేతికే ఇవ్వాలా? గర్భం, హెచ్ఐవీ, మానసిక వైద్యం, మత్తు అలవాట్లు, పిల్లలు పుట్టకపోవడం: వీటికి సంబంధించిన రిపోర్టులు దానంతటదే వాట్సాప్‌కి పోకుండా సాఫ్ట్‌వేర్లో తాళం వేయించండి. కుదరదని వెండరు అంటే, కుదురుతుంది. ఒకసారి బిల్లు ఆపి చూడండి.

రెండో సంగతి గొంతు. చుట్టూ కన్నడం వాళ్లేలే అనుకుని కౌంటరులో తెలుగులో గట్టిగా "ఏమ్మా, మూర్ఛ మందులు వేసుకుంటున్నావా?" అని అడిగే నర్సులను చూశాను. బెంగళూరులో తెలుగు రహస్య భాష కాదు. ఆ క్యూలో సగం మందికి అర్థమవుతుంది, కొంతమందికి ఆవిడ ఊరూ తెలిసుంటుంది. జబ్బు సంగతి గదిలో అడగాలి. టోకెన్ బోర్డు మీద పేరు, డాక్టరు విభాగం కలిపి చూపకూడదు, నంబరు చాలు.

కంప్యూటర్లలో ఒక్కొక్కరికి ఒక్కో లాగిన్ ఉండాలి. "రిసెప్షన్1" అనే ఒకే లాగిన్ ఆరుగురు వాడితే ఎవరు ఏ ఫైలు తెరిచారో దేవుడికే తెలియాలి. కొత్త నియమాల ప్రకారం ఆ లాగ్‌లు, అంటే ఎవరు ఏం తెరిచారన్న చిట్టాలు, ఏడాది ఉంచాలి, కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టండి.

ఐదో పని: వెండర్లను మూడు కుప్పలు చేసి కాగితం రాయించుకోండి

మొదటి పనిలో రాసుకున్న చేతుల పట్టిక తీయండి. మొదటి కుప్ప: రోగి సమాచారం వాళ్ల పనే అయినవాళ్లు. సాఫ్ట్‌వేర్ కంపెనీ, టెలిరేడియాలజీ (స్కాన్లు దూరం నుంచి చదివిపెట్టేవాళ్లు), ట్రాన్స్‌క్రిప్షన్ (డాక్టరు చెప్పింది టైపు చేసేవాళ్లు), ఎస్సెమ్మెస్, రికార్డులు దాచిపెట్టే గోడౌన్. వీళ్లతో పూర్తి ఒప్పందం లేకుండా ఒక్క ఫైలూ పంపకండి. చెల్లుబాటయ్యే ఒప్పందం లేకుండా ప్రాసెసర్ని పెట్టుకోవడానికి డీపీడీపీలో వీల్లేదు.

రెండో కుప్ప: పని వేరే, సమాచారం కళ్లపడుతుంది. కంప్యూటర్ ఏఎంసీ (ఏడాది మరమ్మతు కాంట్రాక్టు), సీసీటీవీ, స్కానింగ్ మెషిన్ సర్వీసు ఇంజనీరు, జిరాక్స్ అద్దె, హౌస్‌కీపింగ్, ఆడిటరు. ఒక పేజీ గోప్యత ఒప్పందం చాలు. దాంతోపాటు మీ మనిషి పక్కన ఉండాలి. సర్వీసు ఇంజనీరు దూరం నుంచి రిమోట్‌లో మెషిన్లోకి వస్తానంటే వచ్చినప్పుడు తెరిచి, వెళ్లగానే మూసేయండి. ఎప్పుడూ తెరిచి ఉంచిన రిమోట్ లింకు, వెనక తలుపు గడియ తీసి పడుకోవడం ఒకటే.

మూడో కుప్ప: తమ నిర్ణయాలు తామే తీసుకునేవాళ్లు. ఇన్సూరెన్స్ కంపెనీ, తన లెటర్‌హెడ్ మీద సొంతంగా రిపోర్టు ఇచ్చే పెద్ద ల్యాబు. వాళ్లు చాలావరకు తామే ఫిడ్యూషియరీలు. అక్కడ మీ పని, అవసరమైనంతే పంపడం. కంటి ఆపరేషన్ క్లెయిముకు పాత మానసిక వైద్యం ఫైలు ఎందుకు? టీపీఏ డెస్కు మీద కూర్చునే అబ్బాయికి ఈ ప్రశ్న నేర్పండి. మొత్తం ఫైలు స్కాన్ చేసి పడేయడం వాడికి తేలిక, అందుకే అలా చేస్తాడు.

మొదటి కుప్ప ఒప్పందంలో నేను పట్టుబట్టి రాయించే మాటలివి. లాయరు చేత భాష సరిచేయించుకోండి, సారం మాత్రం వదలకండి.

"మీరు మాకిచ్చిన రోగి సమాచారం ఈ పనికి తప్ప మరి దేనికీ వాడం. పేర్లు తీసేసిన సమాచారమైనా సరే, మీ రాతపూర్వక అనుమతి లేకుండా అమ్మం, ఏఐ తయారీకి వాడం." పేర్లు తీసేశాం కదా అనే సాకుతో జరిగే వ్యాపారం చాలా ఉంది. అందుకే ఆ రెండో వాక్యం.

"మా కింద ఇంకొకరికి పని ఇవ్వాలంటే ముందు మీకు చెప్తాం. వాళ్ల చేత ఇవే షరతుల మీద సంతకం చేయిస్తాం."

"సమాచారం పోయిందని అనుమానం వచ్చిన 2 గంటల్లో మీకు ఫోన్, 24 గంటల్లో రాతపూర్వక వివరం." రెండు గంటలెందుకో తొమ్మిదో పనిలో తెలుస్తుంది.

"పని అయిపోయిన 30 రోజుల్లో మొత్తం సమాచారం మీరు వాడుకోగలిగే రూపంలో వెనక్కిచ్చి, బ్యాకప్‌లతో సహా చెరిపేసి, చెరిపినట్టు సంతకం చేసిన కాగితం ఇస్తాం." బిల్లు బాకీ ఉందని రోగుల రికార్డులు తొక్కిపెట్టే వెండర్లున్నారు. బాకీకీ డేటాకీ ముడిపెట్టకూడదని విడిగా ఒక వాక్యం వేయించండి.

వీటితోపాటు మీరు ఎప్పుడైనా తనిఖీ చేసుకునే హక్కు, ఏడాదికొకసారి భద్రతా పరీక్ష నివేదిక, నష్టపరిహారం. నష్టపరిహారం దగ్గర చిన్న వెండర్లు బేరమాడతారు. ఎంత రాయించుకున్నా వాడి దగ్గర లేని డబ్బు రాదు, ఇన్సూరెన్స్ ఉన్న వెండరు కాస్త ఖరీదైనా మేలు.

ఆరో పని: వెండరు కుర్చీలోంచి చూస్తే

ఇది వెండర్లకు: ఆసుపత్రి అడగలేదు కదా అని ఊరుకోకండి. ఐటీ చట్టం 72ఏ ప్రకారం, ఒప్పందం కింద చేతికొచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని దురుద్దేశంతో బయటపెడితే మూడేళ్ల దాకా జైలు. అది నేరుగా మీ మీదే. మీ సపోర్టు కుర్రాడు సమస్య చూడటానికి నిజమైన రోగుల డేటాబేస్ తన ల్యాప్‌టాప్‌లోకి దింపుకుంటాడు, ఆ ల్యాప్‌టాప్ బీఎంటీసీ బస్సులో మర్చిపోతాడు. టెస్టింగుకు ఉత్తుత్తి పేర్లు వాడండి. ల్యాప్‌టాప్ డిస్కుకు ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డు లేకుండా ఎవరూ చదవలేని తాళం) పెట్టండి, పైసా ఖర్చులేని పని.

అమెరికా ఆసుపత్రులకు మెడికల్ కోడింగ్ (జబ్బులకు, చికిత్సలకు కోడ్ నంబర్లు వేయడం), బిల్లింగ్, ట్రాన్స్‌క్రిప్షన్ చేసే కంపెనీలు బెంగళూరులో చాలా ఉన్నాయి, మనవాళ్లు వేలల్లో పనిచేస్తున్నారు. మీకు వర్తించేది అక్కడి 1996 నాటి హిపా చట్టం. అందులో వెండరును బిజినెస్ అసోసియేట్ అంటారు. 2013 నియమం నుంచి వెండర్లు కూడా నేరుగా బాధ్యులే. బిజినెస్ అసోసియేట్ ఒప్పందం లేకుండా రోగి సమాచారం ముట్టకూడదు, మీ కింది కాంట్రాక్టరుకూ అదే షరతు. లీకైతే క్లయింటుకు ఆలస్యం లేకుండా, ఎంత ఆలస్యమైనా 60 రోజుల్లోపు చెప్పాలి. క్లయింటు ఒప్పందంలో మాత్రం గడువు తరచూ రోజుల్లోనే ఉంటుంది, అది చదవండి. ఒక ఘటనలో 500 మంది లేదా అంతకు మించి ఉంటే అమెరికా ఆసుపత్రి అక్కడి ఆరోగ్య శాఖకూ అదే 60 రోజుల్లోపు చెప్పాలి. పేర్లు తీసేశామని చెప్పుకోవడానికి ఒక పద్ధతి, హిపా చెప్పిన 18 రకాల గుర్తింపులూ తీసేయడం. మనవాళ్లు పేరు తీసి, పుట్టిన తేదీ, జిప్ కోడ్ వదిలేస్తుంటారు.

ఇక్కడి డీపీడీపీ కూడా మిమ్మల్ని పూర్తిగా వదలదు. విదేశీ కంపెనీతో ఒప్పందం మీద విదేశీ రోగుల సమాచారం చూసేవాళ్లకు చాలా బాధ్యతల నుంచి మినహాయింపు ఉంది. తగిన భద్రత పెట్టాలన్న బాధ్యత మాత్రం అలాగే ఉంటుంది.

ఒక మాట ఆసుపత్రులకు. సాఫ్ట్‌వేర్ అమ్మేవాడు "మాది హిపా కంప్లయంట్ సార్" అని బ్యాడ్జి చూపిస్తే టీ తాగించి పంపేయండి. అమెరికా ప్రభుత్వం అలాంటి సర్టిఫికెట్ ఎవరికీ ఇవ్వదు. ఇచ్చినా అది హిందూపురం పెద్దావిడకు పనికొచ్చేది కాదు.

ఏడో పని: రికార్డు అడిగినవాళ్లకు

రోగిగానీ ఆయన అధికారం ఇచ్చినవాళ్లుగానీ అడిగితే 72 గంటల్లో రికార్డు ఇవ్వాలి, 2002 నియమావళిలోనే ఉంది. బిల్లు కట్టలేదని ఆపకండి. పోలీసులు వస్తే రాతపూర్వక కాగితం తీసుకుని, అడిగినంతే ఇచ్చి, ఏం ఇచ్చారో రిజిస్టర్లో రాయండి. కంపెనీ హెచ్ఆర్ ఫోన్ చేసి "మా ఉద్యోగి నిజంగా అడ్మిట్ అయ్యాడా?" అంటే రోగి సంతకం లేకుండా అవునూ కాదూ రెండూ చెప్పకండి. భర్త అడిగినా, అన్న అడిగినా అదే. ఇది చెప్పడం తేలిక. "నేను వాళ్ల పెద్దన్ననమ్మా" అని ఒకాయన కౌంటరు మీద చేయి వేస్తే, ఇరవై రెండేళ్ల రిసెప్షనిస్టు తట్టుకోవడం కష్టం. అందుకే "మేనేజరుగారితో మాట్లాడండన్నా" అని తప్పుకునే దారి ఆమెకు ముందే ఇవ్వండి.

ఎనిమిదో పని: ఎన్నాళ్లు ఉంచాలి, ఎలా చెరపాలి

2002 నియమావళి ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డు వైద్యం మొదలైన నాటి నుంచి 3 ఏళ్లు. గర్భిణుల స్కానింగ్‌కు నింపే ఫామ్ ఎఫ్‌లు 2 ఏళ్లు. ఎమ్మెల్సీ (పోలీసు కేసుతో ముడిపడిన వైద్యం), కోర్టు కేసు నడుస్తున్న ఫైళ్లు ముట్టకండి. తర్వాత కాగితాలను మీ కళ్లముందే ముక్కలు చేయించండి. బెంగళూరు గుజరీ అంగళ్లలో పొట్లాలు కట్టే కాగితాల్లో ఈసీజీ చూసినవాణ్ణి చెప్తున్నాను. మెషిన్, కంప్యూటర్, జిరాక్స్ ఏది తిరిగి పోతున్నా గేటు పాస్ మీద "డిస్కు తీశాం లేదా చెరిపాం" అనే గడి పెట్టి, అది నిండకుండా వాచ్‌మన్ గేటు తీయకూడదని చెప్పండి. మా నర్సింగ్ హోమ్‌లో ఆ గడి ఇప్పటికీ ఉంది.

తొమ్మిదో పని: జరిగిపోయిన రోజు

2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) దెబ్బకు పడిపోతే దాదాపు రెండు వారాలు కాగితాలతో నడిపారు. అంత పెద్ద సంస్థకే టెన్షన్ తప్పలేదు. కాబట్టి ఆ రోజు ఎవరు ఏం చేయాలో ముందే ఒక పేజీ రాసి, కంప్యూటర్లో కాకుండా హెడ్ నర్సు బీరువాలో పెట్టండి.

గడియారం తెలిసిన క్షణం నుంచి నడుస్తుంది. 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనను కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు 6 గంటల్లో తెలపాలి. వెండరు మీకు మర్నాడు చెబితే ఈ గడువు ఎప్పుడో దాటిపోతుంది, ఆ రెండు గంటల షరతు అందుకే. డీపీడీపీ బాధ్యతలు మొదలయ్యాక బోర్డుకు ఆలస్యం లేకుండా ముందు కబురు, 72 గంటల్లో పూర్తి వివరం. మొదట చేసేది ఆ కంప్యూటర్ నెట్‌వర్క్ తీగ పీకడం. ఫార్మాట్ కొట్టకండి. ఏఎంసీ కుర్రాడు సాయం చేద్దామని మొదట అదే చేస్తాడు, ఆధారాలన్నీ పోతాయి.

తర్వాత రోగులకు చెప్పాలి: ఏం పోయింది, ఎప్పుడు, దానివల్ల ఏం కావచ్చు, మేమేం చేస్తున్నాం, మీరేం చేసుకోవాలి, ఎవరితో మాట్లాడాలి. చాలామంది దీన్ని లాయరు ఇంగ్లీషులో ఎస్సెమ్మెస్ చేస్తారు. మీరు ఫోన్ చేయండి, రోగి భాషలో. ఆ నంబరు అల్లుడిదైతే ఆసుపత్రి నుంచి అని, ఫలానా అమ్మగారితో మాట్లాడాలని మాత్రమే చెప్పండి. ఎందుకని ఆయన రెట్టించి అడిగినా సరే. ఆవిడ లైన్లోకి వచ్చాక "అమ్మా, పక్కన ఎవరైనా ఉన్నారా? ఇప్పుడు మాట్లాడొచ్చా?" అని అడిగి, ఊ అన్నాకే మిగతాది.